ఏ హామిల్టన్? ఒక ఇంటిపేరు పోగులు విడదీయడం (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో నామసూచికలు తయారు చేసేవాళ్లు, అనువాదకులు, గ్రంథపాలకులు ఎక్కువ. కాబట్టి ఇంటిపేర్ల గురించి సాధారణమైన మాటలు పక్కన పెట్టి, ఒకే ఒక్క ఇంటిపేరు తీసుకుని దాని పోగులు విడదీద్దాం. ఆ పేరు హామిల్టన్.

ఈ పేరునే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇది మనుషులకూ ఊళ్లకూ నదికీ గడియారానికీ గణిత సూత్రానికీ చివరికి చేపకూ అంటుకున్న పేరు. సూచికలో జరిగే పొరపాట్లు దాదాపు అన్నీ దీని కింద దొరుకుతాయి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ పేరు కింద ఎవరెవరున్నారో వరసగా రాసేస్తే సగం పనే అవుతుంది. ఆ పేరు ఒక్కొక్కరి దగ్గరికి ఎటునుంచి వచ్చిందో కూడా రాయాలి. పుట్టుకతో వచ్చిందా, పెళ్లితోనా, ఆస్తితోనా, ఊరి నుంచా, ఎవరి గౌరవార్థమైనా పెట్టారా? దీన్ని బాణం అందాం. సూచికలో ఒక్కో పేరుకు రాసే ప్రతి పద్దుకూ ఒక బాణం ఉండాలి.

మొదట మూలం చూద్దాం. హామిల్టన్ మొదట్లో మనిషి పేరు కాదు, నేల పేరు. పాత ఇంగ్లీషులో హామెల్ అంటే వంకరగా ఉన్నది, దెబ్బతిన్నది అని అర్థం. డూన్ అంటే గుట్ట. వంకర గుట్ట అన్నమాట. ఇంగ్లండ్‌లో లెస్టర్ పక్కన మధ్యయుగాల్లో ఇదే పేరుతో ఒక గ్రామం ఉండేది, తర్వాత పాడుపడింది. స్కాట్లండ్ హామిల్టన్ వంశం పేరు ఈ ఊరి నుంచే వెళ్లిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. ఆ వంశంలో పత్రాలకెక్కిన మూలపురుషుడు వాల్టర్ ఫిట్జ్ గిల్బర్ట్. 1296లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్‌కు విధేయత ప్రకటించినవారి పట్టీలో ఇతను ఉన్నాడు. తర్వాత రాబర్ట్ బ్రూస్ ఇతనికి కాడ్జో అనే చోట భూములిచ్చాడు. 1445లో స్కాట్లండ్ రాజు రెండో జేమ్స్ ఆ వంశంలోని జేమ్స్‌కు లార్డ్ హామిల్టన్ హోదా ఇచ్చాడు. దాంతో కాడ్జో పేరు పోయి ఆ ఊరు హామిల్టన్ అయింది. 1874లో ఆ ఊరి హామిల్టన్ అకాడమీ బడి నుంచి హామిల్టన్ అకడమికల్ అనే ఫుట్‌బాల్ జట్టు పుట్టింది.

ఒక ఊరి నుంచి వంశానికి, వంశం నుంచి ఇంకో ఊరికి, ఆ ఊరి నుంచి బడికి, బడి నుంచి ఫుట్‌బాల్ జట్టుకు: ఇన్ని బాణాలు ఒకే గొలుసులో ఉన్నాయి. వీటిని ఒకే మెట్టు మీద వరసగా పెడితే చదివేవాడికి ఆ గొలుసు కనిపించదు.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. అసలు చిక్కంతా విలియంలతోనే. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

సర్ విలియం రోవన్ హామిల్టన్ 1805లో డబ్లిన్‌లో పుట్టిన గణితజ్ఞుడు. 1835లో నైట్ అయ్యాడు. 1843 అక్టోబర్ 16న డబ్లిన్‌లోని బ్రూమ్ వంతెన దగ్గర నడుస్తుండగా, నాలుగు భాగాలుండే సంఖ్యలైన క్వాటర్నియన్ల సూత్రం తట్టింది, వంతెన రాతి మీద చెక్కాడు. భౌతికశాస్త్రంలో హామిల్టోనియన్, గ్రాఫ్ సిద్ధాంతంలో హామిల్టన్ వలయం ఇతని పేరుతో ఉన్నవే. 1865లో చనిపోయాడు.

అదే కాలంలో ఎడిన్‌బరోలో ఇంకో సర్ విలియం హామిల్టన్ ఉన్నాడు. ఇతను తత్వవేత్త, 1788లో గ్లాస్గోలో పుట్టాడు, 1836 నుంచి ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో తర్కశాస్త్రం, తత్వశాస్త్రం చెప్పాడు, 1856లో చనిపోయాడు. ఇతని ‘సర్’ వంశపారంపర్యంగా వచ్చే బారొనెట్ హోదాది. డబ్లిన్ హామిల్టన్ ‘సర్’ ఆయన ఒక్కడికే ఇచ్చిన నైట్ హోదాది. తెలుగులో రెండూ ‘సర్’ అనే రాస్తాం కాబట్టి ఆ మాట మనకు ఏ విధంగానూ సాయపడదు.

ఇక్కడ తప్పు ఎలా పుడుతుందో చూడండి. తర్కశాస్త్రంలో పేరున్న అగస్టస్ డి మోర్గాన్‌కు ఈ ఇద్దరితోనూ సంబంధం ఉంది. డబ్లిన్ హామిల్టన్‌తో ఏళ్ల తరబడి స్నేహంగా ఉత్తరాలు రాసుకున్నాడు. ఎడిన్‌బరో హామిల్టన్‌తో తర్కంలోని ఒక భావన ముందు ఎవరిదన్న విషయం మీద 1840లలో బహిరంగంగా పోట్లాడాడు. ‘డి మోర్గాన్ హామిల్టన్‌కు రాసిన ఉత్తరం’ అని ఎక్కడైనా కనిపిస్తే అది ఎవరికి రాసిందో ఆ వాక్యం చెప్పదు. ఉత్తరం పైన ఊరు చూడాలి, లోపల విషయం చూడాలి. ఈ రెండూ చూడకుండా లింకు కలిపితే ఒక స్నేహితుణ్ణి ప్రత్యర్థిని చేసినట్టే. ఇంకో ఉచ్చు: జాన్ స్టువర్ట్ మిల్ సర్ విలియం హామిల్టన్ తత్వాన్ని విమర్శిస్తూ పెద్ద పుస్తకం వేసింది 1865లో. గణితజ్ఞుడు చనిపోయింది కూడా 1865లోనే. సంవత్సరం ఒక్కటే చూసి ముడిపెట్టేవాళ్లు ఇక్కడ పడతారు. మిల్ విమర్శించింది అప్పటికి తొమ్మిదేళ్ల క్రితమే చనిపోయిన తత్వవేత్తను.

మూడో సర్ విలియం వీళ్లకంటే ముందు తరంవాడు. నేపుల్స్‌లో 1764 నుంచి 1800 వరకు బ్రిటిష్ రాయబారి. వెసూవియస్ అగ్నిపర్వతాన్ని దగ్గరుండి పరిశీలించాడు. ఇతని ప్రాచీన పాత్రల సేకరణను 1772లో బ్రిటిష్ మ్యూజియం కొన్నది. అడ్మిరల్ నెల్సన్ కథలో వచ్చే ఎమ్మా హామిల్టన్ ఇతని భార్య. ఆమెకు హామిల్టన్ పేరు 1791లో పెళ్లితో వచ్చింది.

ఇంతలో విలియం రిచర్డ్ హామిల్టన్ వస్తాడు. 1777లో పుట్టాడు, బ్రిటిష్ దౌత్యవేత్త లార్డ్ ఎల్గిన్‌కు కార్యదర్శి, ఈజిప్టు పురావస్తువుల మీద పనిచేశాడు, ప్రాచీన ఈజిప్టు లిపిని చదవడానికి దారి చూపిన రోసెట్టా శిల బ్రిటిష్ వాళ్ల చేతికి రావడంలో ఇతని పాత్ర ఉంది. పొడి అక్షరాల్లో రాస్తే డబ్ల్యు. ఆర్. హామిల్టన్. గణితజ్ఞుడు రోవన్ కూడా డబ్ల్యు. ఆర్. హామిల్టనే. పైగా ఈ రిచర్డ్ కూడా 1822 నుంచి 1825 వరకు నేపుల్స్‌లోనే బ్రిటిష్ రాయబారి. కాబట్టి ‘నేపుల్స్ రాయబారి హామిల్టన్’ అన్న వివరణ చాలదు. ఏ సంవత్సరాల్లోనో రాయాల్సిందే. పొడి అక్షరాలతో ఏ పద్దూ ఖాయం చేయకండి. పూర్తి పేరు దొరికేదాకా ఆ పేరును సూచికలో ఎవరికీ కలపకుండా విడిగా ఉంచండి. అలా ఉంచితే తర్వాత సరిదిద్దుకోవచ్చు. తప్పుగా కలిపితే ఎవరూ మళ్లీ విప్పరు.

20వ శతాబ్దంలోనూ విలియంలు ఆగలేదు. జీవశాస్త్రజ్ఞుడు విలియం డొనాల్డ్ హామిల్టన్ (1936–2000) జీవులు తమ బంధువుల కోసం ఎప్పుడు త్యాగం చేస్తాయో 1964లో లెక్క కట్టాడు. బంధుత్వ గుణకాన్ని లాభంతో గుణిస్తే వచ్చేది నష్టం కంటే ఎక్కువ అయినప్పుడు అని. దాన్నే హామిల్టన్ నియమం అంటారు. న్యూజిలాండ్‌లో బిల్ హామిల్టన్ (1899–1978) లోతు తక్కువ నదుల్లో నడిచే జెట్ పడవను తీర్చిదిద్దాడు. బిల్ అంటే విలియమే, ఇతనూ 1974లో ‘సర్’ అయ్యాడు. ఇతని కంపెనీ పేరు హామిల్టన్ జెట్. ఈ ఇంజన్‌లో నీటి అడుగున తిరిగే రెక్కలు పడవ కిందకు పొడుచుకు రావు. లోపలి పంపు నీటిని పీల్చి వెనక్కి చిమ్ముతుంది. అందుకే రాళ్ల నదుల్లో పనికొచ్చింది. 1960లో ఈ పడవలు కొలరాడో నదికి ఎదురెక్కి గ్రాండ్ కాన్యన్ దాటాయి.

అంటే ‘హామిల్టన్ సూత్రం’, ‘హామిల్టన్ నియమం’ అన్న మాటలు అనువాదంలో వచ్చినప్పుడు శాస్త్రం ఏదో చూడాలి. యంత్రశాస్త్రమైతే రోవన్, జీవపరిణామమైతే డొనాల్డ్. జ్యామితిలో రిచ్చీ ప్రవాహం అని కనిపిస్తే ఇద్దరూ కారు. దాన్ని 1982లో తెచ్చింది రిచర్డ్ హామిల్టన్ (1943–2024). చాలాకాలం తేలని గణిత సమస్య పాంకరే ఊహను గ్రిగరీ పెరెల్మాన్ నిరూపించింది ఆ దారినే. అందుకు ఇచ్చిన పది లక్షల డాలర్ల బహుమతి వద్దన్నప్పుడు, హామిల్టన్ చేసిన పని తన పనికంటే తక్కువది కాదని కూడా చెప్పాడు. ఈ రిచర్డ్‌ను పాప్ ఆర్ట్ చిత్రకారుడు రిచర్డ్ హామిల్టన్ (1922–2011)తో కలపకూడదు.

మార్గరెట్ హామిల్టన్ల సంగతి బాణం ఎందుకు కావాలో బాగా చూపిస్తుంది. ఒకామె నటి (1902–1985), 1939 నాటి విజార్డ్ ఆఫ్ ఓజ్ సినిమాలో పడమటి మంత్రగత్తె వేషం ఆమెదే. ఇంకొకామె 1936లో పుట్టిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకల లోపలి కంప్యూటర్ ప్రోగ్రాములు రాసిన బృందానికి నాయకత్వం వహించారు, 2016లో అమెరికా అధ్యక్షుడి స్వేచ్ఛా పతకం అందుకున్నారు. నటికి హామిల్టన్ పుట్టింటి పేరు. ఇంజనీరుకు మెట్టినింటి పేరు, ఆమె పుట్టింటి పేరు హీఫీల్డ్. హామిల్టన్ వంశవృక్షం గీసేవాళ్లు రెండోవారిని అందులో వేస్తే తప్పు. అందుకని ఆమె పద్దులో ‘పుట్టింటి పేరు హీఫీల్డ్’ అని ఉండాలి. హీఫీల్డ్ అనే చోట ‘హామిల్టన్, మార్గరెట్ చూడండి’ అని ఒక పంక్తి ఉండాలి.

ఆస్తితో పాటు పేరు వచ్చినవాడు ఫ్రాన్సిస్ బుకానన్. 1762లో పుట్టిన స్కాటిష్ వైద్యుడు, భారతదేశంలో మైసూరు మొదలు బెంగాల్ దాకా సర్వేలు చేశాడు. స్వదేశం వెళ్లాక తల్లివైపు ఆస్తి దక్కి హామిల్టన్ అయ్యాడు. దీని ఫలితం ఇప్పటికీ ఉంది. మొక్కల శాస్త్రనామాల పక్కన ఇతని గుర్తు ‘బుక్-హామ్’ అని ఉంటుంది. చేపల పక్కన మాత్రం ‘హామిల్టన్, 1822’ అని ఉంటుంది. గంగానది చేపల మీద ఆయన పుస్తకం వెలువడిన ఏడు అది. మనం శీలావతి అనే రోహు చేప శాస్త్రనామం లాబియో రోహిత (హామిల్టన్, 1822). బొచ్చె పక్కనా అదే పేరు, అదే సంవత్సరం. ఆ పేరు చుట్టూ ఉన్న కుండలీకరణలు అలంకారం కాదు. ఆయన మొదట పెట్టిన ప్రజాతి వేరని, తర్వాత దాన్ని మార్చారని వాటి అర్థం. టైపు చేసేటప్పుడు వాటిని తీసేస్తే శాస్త్రనామం తప్పవుతుంది. ఒకే మనిషికి మూడు చోట్ల పద్దులు రావాలి: బుకానన్, బుకానన్-హామిల్టన్, హామిల్టన్. పూర్తి వివరం ఒక్కచోటే, మిగతా రెండు చోట్ల ‘చూడండి’.

డబ్బుతో ముడిపడిన హామిల్టన్లు ఇద్దరున్నారు. అలెగ్జాండర్ హామిల్టన్ అమెరికా మొదటి ఆర్థిక మంత్రి, 1789 నుంచి 1795 దాకా. 10 డాలర్ల నోటు మీద ఉన్నది ఇతనే. 1804లో ఆరన్ బర్‌తో ద్వంద్వ యుద్ధంలో గాయపడి మర్నాడు చనిపోయాడు. పుట్టిన సంవత్సరం 1755 అని కొన్ని ఆధారాలు, 1757 అని కొన్ని. ఇలాంటప్పుడు ఒకటి ఎంచుకుని రెండోది దాచకండి, ‘1755 లేదా 1757’ అని రాయండి. రెండోవారు సర్ డేనియల్ హామిల్టన్ (1860–1939). సుందరబన్‌లోని గోసాబాలో 1903లో భూములు తీసుకుని సహకార సంఘాలు పెట్టాడు, 1936లో అక్కడ చెల్లేలా ఒక రూపాయి నోటు సొంతంగా వేశాడు.

లూయిస్ హామిల్టన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1985లో పుట్టిన ఫార్ములా వన్ డ్రైవరు, ఏడుసార్లు ప్రపంచ విజేత. ఒక్క మాట: జీవించి ఉన్నవారి పక్కన (1985– ) అని గీత గీసి ఖాళీ వదలకండి, (జననం 1985) అని రాయండి. ఆ ఖాళీ చావు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది.

ఊళ్లకు వెళ్దాం. హామిల్టన్ అనే ఊరు ఏ దేశంలో కనిపించినా అది అలెగ్జాండర్ పేరే అనుకోవడం మామూలు. అమెరికాలో ఒహాయోలోని హామిల్టన్ కౌంటీ వంటివి నిజంగానే ఆయన పేరువి. కెనడా ఒంటారియోలోని ఉక్కు నగరం హామిల్టన్ మాత్రం 1812 యుద్ధం తర్వాత అక్కడ భూమి కొని ఊరికి వీధులు గీయించిన జార్జ్ హామిల్టన్‌ది. 1846లో నగరమైంది. 2021 జనగణనలో జనాభా 5,69,353. న్యూజిలాండ్ హామిల్టన్ 1864 ఏప్రిల్ 29న గేట్ పా యుద్ధంలో చనిపోయిన నౌకాదళ కెప్టెన్ జాన్ ఫేన్ చార్లెస్ హామిల్టన్ పేరు. ఆ చోటుకు అంతకుముందే అక్కడి మూలవాసులైన మావోరీలు పెట్టుకున్న పేరు కిరికిరిరోవా ఉంది, ఇప్పటికీ వాడుకలో ఉంది. 2020 జూన్‌లో నగరం మధ్య నుంచి కెప్టెన్ విగ్రహాన్ని తొలగించారు. ఆ పద్దులో మావోరీ పేరు లేకపోతే ఊరి చరిత్ర 1864లో మొదలైనట్టు అబద్ధం చెప్పినట్టవుతుంది. పూర్వనామం అనేది అదనపు సమాచారం కాదు, పద్దులో భాగం.

బెర్ముడా ఇంకా గమ్మత్తైన చోటు. రాజధాని హామిల్టన్ నగరం 1788 నుంచి 1794 దాకా గవర్నరుగా ఉన్న హెన్రీ హామిల్టన్ పేరు. అదే దీవుల్లో హామిల్టన్ పారిష్ కూడా ఉంది (పారిష్ అంటే అక్కడ ఒక పాలనా విభాగం). అది అంతకు చాలా ముందు, 1625లో చనిపోయిన హామిల్టన్ రెండో మార్క్విస్ జేమ్స్ పేరు. నగరం ఆ పారిష్‌లో లేదు, పెంబ్రోక్ పారిష్‌లో ఉంది. ‘హామిల్టన్ పారిష్‌లోని హామిల్టన్’ అని రాయడానికి చెయ్యి దానంతటదే వెళ్తుంది. పటం చూశాకే రాయండి.

కంపెనీల్లో బాణం మరీ జారుడు. హామిల్టన్ గడియారాల కంపెనీ 1892లో పెన్సిల్వేనియాలోని లాంకస్టర్‌లో పెట్టారు. పెట్టినవాళ్లలో హామిల్టన్ ఎవరో అని వెతకడం వృథా. లాంకస్టర్ పట్టణం లేచిన నేల ఒకప్పుడు ఒక హామిల్టన్ కుటుంబానిది, ఆ జ్ఞాపకంగా పెట్టిన పేరది. అలెగ్జాండర్‌తో సంబంధం లేదు. బ్యాటరీతో నడిచే చేతి గడియారాన్ని 1957లో తెచ్చింది ఈ కంపెనీయే. ఇప్పుడు స్విట్జర్లండ్‌లో స్వాచ్ గ్రూపు చేతిలో ఉంది. కాబట్టి ‘అమెరికా కంపెనీ’ అని రాసి ఊరుకుంటే సగమే నిజం. స్థాపన ఎక్కడ, ఇప్పుడు ఎవరిది, రెండూ రాయాలి.

మిక్సర్లు చేసే హామిల్టన్ బీచ్ పేరులో బీచ్ సముద్రపు ఒడ్డు కాదు. 1910లో విస్కాన్సిన్‌లోని రసీన్‌లో దాన్ని పెట్టింది ఫ్రెడరిక్ ఓసియస్, పేరు మాత్రం అతని దగ్గర పనిచేసిన లూయిస్ హామిల్టన్, చెస్టర్ బీచ్ అనే ఇద్దరిది. అనువాదంలో తీరం అని పడితే మనుషుల్లో ఒకరు మాయమవుతారు. న్యూయార్క్‌లో క్వీన్స్‌లో హామిల్టన్ బీచ్ అనే పేట నిజంగానే ఉండటం వల్ల ఈ తప్పు పట్టుబడదు కూడా. విమానాల ప్రొపెల్లర్ల కంపెనీ హామిల్టన్ స్టాండర్డ్ కూడా ఇంతే. స్టాండర్డ్ అనేది విశేషణం కాదు, 1929లో హామిల్టన్ కంపెనీతో కలిసిన స్టాండర్డ్ స్టీల్ ప్రొపెల్లర్ కంపెనీ పేరు. జంటపేరు కనిపించగానే రెండో సగం ఎవరిదో అడగాలి.

ఇక మన లిపి సంగతి. ఈ పేరును హామిల్టన్ అనీ హ్యామిల్టన్ అనీ రాస్తున్నారు. ఏది రాసినా తప్పు లేదు. ఒకే సూచికలో రెండూ ఉండటమే తప్పు. అకారాదిలో గుణింతాలన్నీ అయ్యాకే వత్తు ఉన్న అక్షరం వస్తుంది. అంటే హామిల్టన్‌కూ హ్యామిల్టన్‌కూ మధ్య హిమాలయాలు, హుగ్లీ, హైదరాబాద్, హోమర్ అందరూ వచ్చి కూర్చుంటారు. సగం హామిల్టన్లు ఒక పేజీలో, సగం ఎన్నో పేజీల అవతల పడతారు. ఒక రూపం ఖాయం చేసి, రెండోదాని చోట ‘చూడండి’ పెట్టండి.

కంప్యూటర్లో ఇంకో ఇబ్బంది. హామిల్టన్‌లో, హామిల్టన్‌కు అని టైపు చేసేటప్పుడు చివరి పొల్లు కింది అక్షరంతో కలిసిపోకుండా కంటికి కనిపించని ఒక గుర్తు వేస్తాం. వ్యాసంలో నుంచి పేరును కత్తిరించి సూచికలో అతికిస్తే ఆ గుర్తు కూడా తోక లాగా వస్తుంది. చూడటానికి రెండు పేర్లూ ఒకటే, యంత్రానికి మాత్రం వేర్వేరు. వెతికితే దొరకదు, ఒకే మనిషికి రెండు పద్దులు పుడతాయి. పరీక్ష తేలిక: పేరు చివర కర్సరు పెట్టి ఎడమ బాణం మీట ఒకసారి నొక్కండి. కర్సరు కదలకుండా అక్కడే ఉంటే ఆ గుర్తు ఉన్నట్టే, చెరిపేయండి. కొన్ని ఎడిటర్లలో కర్సరు దాన్ని దాటేసి వెళ్తుంది. అలాంటప్పుడు పేరును కత్తిరించకుండా కొత్తగా టైపు చేయడమే మంచిది.

ఒకే పేరున్న మనుషులను అకారాదిలో పెట్టలేం కాబట్టి పుట్టిన సంవత్సరం ప్రకారం పెట్టండి. పక్కన వృత్తి, పనిచేసిన చోటు రెండే మాటల్లో: ‘గణితజ్ఞుడు, డబ్లిన్’; ‘తత్వవేత్త, ఎడిన్‌బరో’. ‘ప్రఖ్యాత’, ‘గొప్ప’ అన్న మాటలు ఎవరినీ ఎవరినుంచీ వేరు చేయవు, అవి తీసేయండి.

చివరిగా, పేరు పోయిన చోట్లను మర్చిపోవద్దు. కెనడాలోని లాబ్రడార్‌లో ఒక పెద్ద నది ఉంది. 1821లో దానికి న్యూఫౌండ్‌లండ్ గవర్నరు సర్ చార్లెస్ హామిల్టన్ పేరు పెట్టారు. 1965లో విన్‌స్టన్ చర్చిల్ చనిపోయాక దాన్ని చర్చిల్ నదిగా మార్చారు, దాని జలపాతం పేరునూ మార్చారు. 1965కు ముందు అచ్చయిన పటాలు, సర్వేలు, యాత్రా కథనాలు చదివేవాడికి హామిల్టన్ నదే కనిపిస్తుంది, ఈనాటి పటంలో వెతికితే దొరకదు. కాబట్టి ‘హామిల్టన్ నది: 1965 నుంచి చర్చిల్ నది’ అన్న పంక్తి ఇప్పటికీ కావాలి. దాని పక్కనే ‘హామిల్టన్ ఇన్‌లెట్’ అని ఇంకో పంక్తి వేయండి. నది పేరు మారింది గానీ అది సముద్రంలోకి చేరే ఆ పాయ పేరు మారలేదు. చర్చిల్ నది నీళ్లు ఇవాళ్టికీ హామిల్టన్ గుండానే కడలికి పోతున్నాయి.